మేనమామ పోసిన అరగ్లాసు

నేను ఏడు సంవత్సరాల కఠిన కారాగార శిక్షకు అర్హుడిని. లక్ష రూపాయల జరిమానా అదనం.

ఇది అతిశయోక్తి కాదు, అలంకారమూ కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 77వ సెక్షను చెప్పే మాట. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకు వైద్యుడి ఆదేశం లేకుండా మత్తు పానీయం ఇచ్చినవాడికి గానీ, ఇప్పించినవాడికి గానీ ఏడేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆ సెక్షనులో "బంధువులకు మినహాయింపు" అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని రెండు మూడు సార్లు వెతికాను. లేదు. "పెళ్ళిళ్ళలో తప్ప" అని కూడా లేదు.

ఈ సంగతి రాయాలా వద్దా అని చాలాకాలం తర్జనభర్జన పడ్డాను. మన ఇంటి గుట్టు నలుగురిలో పెట్టడమెందుకని ఒక మనసు, గుట్టుగా ఉంచినందువల్లనే కదా ఇంతదాకా వచ్చిందని మరొక మనసు. చివరికి రెండోదే గెలిచింది. చదివాక తిట్టదలచుకున్నవారు నిరభ్యంతరంగా తిట్టండి. అయితే చివరిదాకా చదివి తిట్టండి.

2016 మే నెల. మధిర దగ్గర మా ఊళ్ళో పెదనాన్నగారి మనుమరాలి పెళ్ళి. ముహూర్తం తెల్లవారుజామున. ఆడవాళ్ళంతా కింద పందిట్లో పూలజడలతోనూ తలంబ్రాల పళ్ళేలతోనూ సతమతమవుతున్నారు. మగవాళ్ళం డాబా మీద ఉన్నాం. డాబా మీద ఏం చేస్తున్నామో ఖమ్మం జిల్లా పెళ్ళిళ్ళు చూసినవారికి చెప్పనవసరం లేదు. మా అక్క కొడుకు అప్పటికి పదిహేనేళ్ళవాడు. పదో తరగతి ఫలితాలు అప్పుడే వచ్చాయి, మంచి మార్కులు తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి వాడికి మేము అప్పగించిన ఉద్యోగం ఐసు, సోడాలు, వేయించిన పల్లీలు పైకి మోయడం. ఐదారు సార్లు మెట్లెక్కి దిగాడు. మరోసారి వచ్చినప్పుడు, "ఎంతసేపు మోస్తావురా అల్లుడూ, కాస్త కూర్చో" అని స్టీలు గ్లాసులో సగం దాకా బీరు పోసి వాడి చేతికిచ్చాను. వాడు మొహం చిట్లించాడు. అందరం నవ్వాం. ఎవరో చప్పట్లు కొట్టారు. "ఇక మనలో కలిశాడు" అన్నది మాత్రం నేనే. ఆ వాక్యం నాకు స్పష్టంగా గుర్తుంది.

2018 మార్చిలో వాడి ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిశాయి. ముగిసిన రాత్రే హాస్టలు గదిలో నలుగురు కుర్రవాళ్ళు పండుగ చేసుకున్నారు. ఎవరు ముందు క్వార్టరు ఖాళీ చేస్తారని పందెం. మావాడు గెలిచాడు. కాసేపటికి ఒళ్ళు తెలియకుండా పడిపోతే, "పడుకుంటే దిగిపోతుంది" అని మిగతా ముగ్గురూ వాడిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, దుప్పటి కప్పి, దీపం ఆర్పేశారు. వాళ్ళ మనసులో కల్మషం లేదు. వాళ్ళకు తెలిసింది అంతే. తెల్లవారుజామున ఒకడికి ఏదో గురక లాంటి చప్పుడు వినిపించి లేచి చూశాడు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయింది. 108కి ఫోను చేశారు. మూడు రోజులు వెంటిలేటరు మీద, పదకొండు రోజులు ఆసుపత్రిలో. ఏప్రిల్ మొదట్లో రాయవలసిన ప్రవేశపరీక్ష రాయలేదు. బతికాడు, అదే పదివేలు.

గొంతులోంచి గొట్టం తీసిన మరునాడు వైద్యుడు మామూలుగా అడిగే ప్రశ్నే అడిగారు. "ఎప్పటినుంచి అలవాటు?" వాడు బొంగురు గొంతుతో అన్నాడు: "అలవాటేం లేదండీ. మొదటిసారి పెళ్ళిలో మామయ్య ఇచ్చాడు. తర్వాత అప్పుడప్పుడూ."

అందులో ఫిర్యాదు లేదు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే. మా అక్క మంచం పక్కనే ఉంది. నావైపు చూడలేదు. వాడి కాళ్ళ మీద దుప్పటి సర్దింది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే ఈ టపా రాయవలసిన అవసరం కలిగేది కాదేమో.

* * *

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ పదకొండు రోజులూ ఆసుపత్రి వరండాలో పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకటే మాట అన్నారు: "చెడు స్నేహాలండీ." నేనూ తలూపాను. సిగ్గులేకుండా తలూపాను.

ఆ మాట అబద్ధం. నా వివాదం ఆ మాటతోనే. పిల్లవాడు తాగాడంటే మనకు వెంటనే తోచే ముద్దాయిలు ముగ్గురు: స్నేహితులు, సినిమాలు, ప్రభుత్వం. ముగ్గురూ నిర్దోషులని నేను అనను. కానీ ఆ ముగ్గురి కంటే ముందు వరుసలో నిలబడవలసినవాడు ఒకడున్నాడు. వాడు తండ్రో, బాబాయో, మేనమామో. స్నేహితులు పోసేది చాలాసార్లు రెండో గ్లాసు. మొదటిది మనమే పోస్తున్నాం. పోయకపోయినా, పోయడం ఎలాగో మనమే నేర్పుతున్నాం.

మన ఇళ్ళల్లో ఈ విద్యాభ్యాసం ఎలా సాగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆరేళ్ళప్పుడు "నాన్నా, ఫ్రిజ్‌లోంచి నీళ్ళ సీసా పట్టుకురా". ఎనిమిదేళ్ళప్పుడు ఐసు ట్రే. పదేళ్ళకు కోడి వేపుడు పళ్ళెం తెచ్చి, పెద్దవాళ్ళ మధ్య ఒక ముక్క నోట్లో వేసుకుని, వాళ్ళ పరాచికాలు వింటూ కూర్చునే హోదా. పన్నెండేళ్ళకు ఎవరి గ్లాసులో సోడా, ఎవరి గ్లాసులో నీళ్ళు, ఎవరికి ఎంత అన్నది కంఠతా వచ్చేస్తుంది. పల్లెటూళ్ళలోనైతే ఇంకో మెట్టు ఉంది. సందు చివర కిరాణా కొట్టు వెనక నడిచే బెల్టు షాపుకు నోటిచ్చి పంపడం. "ఫలానావారి అబ్బాయి" అంటే చాలు, సరుకు నల్ల సంచిలో వస్తుంది. కొట్టువాడు వయసు అడగడు. అడగవలసిన అవసరమేముంది, పంపింది తండ్రే కదా!

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం కొనడానికి చట్టం నిర్ణయించిన వయసు 21 ఏళ్ళు. లెక్క చూడండి: ఆ ఇరవై ఒకటి నిండేసరికి మన కుర్రవాడికి పదిహేనేళ్ళ సర్వీసు పూర్తవుతుంది. అప్పటిదాకా గ్లాసు అందించడమే తప్ప అందుకోకూడదని మనం వాడికి చెబుతున్నాం. ఏ వంటవాడైనా రుచి చూడకుండా ఉంటాడా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్ళు నిండిన మగవాళ్ళలో 43 శాతం మంది మద్యం తాగుతారు. దేశం మొత్తం మీద అరుణాచల్ ప్రదేశ్ తర్వాత మనదే రెండో స్థానం. దేశ సగటు 19 శాతం లోపే. ఆ లెక్కలో నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది శాతం కాదు, వయసు. చట్టం 21 నుంచి అంటుంది. సర్వే చేసేవాళ్ళు మాత్రం 15 నుంచే లెక్కపెడతారు. ఎవరికి వాస్తవం తెలుసో వేరే చెప్పాలా? 2019లో ఢిల్లీ ఎయిమ్స్ వారు కేంద్ర ప్రభుత్వం కోసం జరిపిన అధ్యయనం ఇంకా కిందికి వెళ్ళింది. 10 నుంచి 17 ఏళ్ళ లోపు పిల్లల్లో 1.3 శాతం మంది, అంటే దాదాపు 30 లక్షల మంది మద్యం తీసుకుంటున్నారని అంచనా వేసింది. పదేళ్ళంటే నాలుగో తరగతో, ఐదో తరగతో. ఆ వయసువాడిని చెడగొట్టే "చెడు స్నేహాలు" ఎక్కడుంటాయండీ? వాడికి తెలిసిన పెద్దమనుషులమల్లా మనమే.

సినిమా తెర మీద కథానాయకుడు సీసా ఎత్తినప్పుడల్లా కింద మూలన తెల్లటి అక్షరాల్లో "మద్యపానం ఆరోగ్యానికి హానికరం" అని వస్తుంది. మనం దాన్ని చూసి నవ్వుకుంటాం. నిజానికి మన ఇళ్ళల్లో జరుగుతున్నదీ అదే. చేతిలో గ్లాసు పట్టుకుని "నువ్వు మాత్రం బాగా చదువుకోవాలిరా" అని కుర్రవాడికి హితబోధ చేస్తాం. మూలన తెల్లటి అక్షరాలు మనవి, మధ్యన పెద్ద బొమ్మా మనదే. పిల్లవాడు ఏది చూస్తాడు?

ఇక్కడే ఇంకొక మాట. ఆ రాత్రి డాబా మీదికి అల్లుడు కాక నా కూతురు వచ్చి ఉంటే? ఆమెకూ ఇంచుమించు అదే వయసు. "నాన్నా, నాకూ అరగ్లాసు" అని అడిగి ఉంటే? పెళ్ళి ఆగిపోయినంత గలాటా జరిగి ఉండేది. అంటే ఆ అరగ్లాసు పిల్లలకు మంచిది కాదని నాకు తెలుసు. తెలిసే పోశాను. ఆడపిల్ల విషయంలో అడ్డుపడేది పరువు, మగపిల్లవాడి విషయంలో తోసేది పౌరుషం. ఈ రెండింటి మధ్యా పిల్లల ఆరోగ్యం అన్నది ఎక్కడా లేదు. మన సంస్కారమంతా ఇంతే.

* * *

ఇప్పుడు అభ్యంతరాలు. ఈ సంగతి మిత్రుల దగ్గర ఎత్తినప్పుడల్లా నేను విన్నవే ఇవి. నేనే ఒకప్పుడు చేసిన వాదనలు కూడా.

మొదటి వాదం: "బయట దొంగచాటుగా తాగేకంటే ఇంట్లో మన కళ్ళెదుట కాస్త రుచి చూపిస్తే హద్దులో ఉంటాడు."

వినడానికి ఎంతో వివేకవంతంగా ఉంటుంది. ఆ రాత్రి నా మనసులోనూ ఇదే ఉంది. అయితే దీన్ని ఆస్ట్రేలియాలో నిజంగానే పరీక్షించి చూశారు. దాదాపు 1,900 మంది పిల్లలను పన్నెండో ఏట నుంచి ఆరేళ్ళపాటు గమనించి, ఫలితాలను 2018లో లాన్సెట్ వారి ప్రజారోగ్య పత్రికలో ప్రచురించారు. తల్లిదండ్రులు స్వయంగా ఇవ్వడం వల్ల పిల్లలకు ఏ రక్షణా కలిగినట్టు వాళ్ళకు కనిపించలేదు. ఇంట్లో అందినవాళ్ళు తర్వాత బయట కూడా సంపాదించుకునే అవకాశమే ఎక్కువగా కనిపించింది. మనం హద్దు గీస్తున్నాం అనుకుంటాం. పిల్లవాడు దాన్ని అనుమతిపత్రంగా చదువుకుంటాడు.

"ఫ్రాన్సులో భోజనంతోపాటు పిల్లలకూ ద్రాక్షసారా పోస్తారు కదా" అని ఒక మిత్రుడు ప్రతిసారీ ఉదాహరిస్తాడు. ఆ ఫ్రాన్సే 1956లో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బడి భోజనశాలల్లో మద్యం పోయడాన్ని నిషేధించింది. 2009లో పద్దెనిమిదేళ్ళ లోపువారికి ఏ రకం మద్యమూ అమ్మకూడదని చట్టం చేసింది. వాళ్ళు వదిలించుకుంటున్నదాన్ని మనం నాగరికత పేరుతో తెచ్చుకుంటున్నాం.

రెండో వాదం: "బీరు మందు కాదు."

ఇది మన రాష్ట్రాల్లో వేదవాక్యం. సరే, లెక్క వేద్దాం. మన దగ్గర ఎక్కువమంది తాగే స్ట్రాంగు బీరులో ఆల్కహాలు 5 నుంచి 8 శాతం. ఏడు శాతం అనుకుంటే 650 మిల్లీలీటర్ల సీసాలో ఉన్న అసలు ఆల్కహాలు 45 మిల్లీలీటర్ల పైచిలుకు. విస్కీలో 42.8 శాతం. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో ఉన్నది 13 కంటే కాస్త తక్కువ. అంటే ఒక్క బీరు సీసా మూడున్నర పెగ్గులకు సమానం. "వాడు బీరేగా తాగింది" అంటున్నామంటే "వాడు మూడున్నర పెగ్గులేగా తాగింది" అంటున్నామన్నమాట. ఇక మావాడు పందెంలో గెలిచిన క్వార్టరు ఆరు పెగ్గులు. బలంగా ఉన్న పెద్దవాడి కాలేయానికే ఒక చిన్న పెగ్గును వదిలించుకోవడానికి గంటో, గంటకు పైగానో పడుతుంది. పదిహేడేళ్ళవాడు, ఖాళీ కడుపు, కొన్ని నిమిషాల్లో ఆరు పెగ్గులు. మిగతాది మీరే ఊహించుకోండి.

మూడో వాదం: "మా తాతలు కల్లు తాగలేదా? తొంభయ్యేళ్ళు బతకలేదా?"

తాగారు. తాటిచెట్టు మీద నుంచి పొద్దున్నే దింపిన కల్లు తాగారు, పగలంతా పొలంలో చెమటోడ్చారు. వాళ్ళ మీద నాకు గౌరవమే, గీతకార్మికుల మీద అంతకంటే గౌరవం. కానీ ఇప్పుడు పట్నపు కల్లు దుకాణాల్లో దొరుకుతున్నది చాలాచోట్ల తాతల నాటి కల్లు కాదు. క్లోరల్ హైడ్రేటు, డయాజెపాం, ఆల్ప్రజోలం వంటి నిద్రమందులు కలిపిన నీళ్ళు తెలంగాణలో ఎన్నిసార్లు పట్టుబడ్డాయో పత్రికలు చదివే ప్రతివారికీ తెలుసు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు మరణించారు. "చలువ చేస్తుంది" అని పిల్లవాడి నోట్లో రెండు గుక్కలు పోసేముందు ఆ చలువ ఏ రకందో తెలుసుకోండి. తొంభయ్యేళ్ళు బతికిన తాత గురించి అందరూ చెబుతారు. నలభైకే పోయిన ఆయన తమ్ముడి గురించి ఎవరూ చెప్పరు.

నాలుగో వాదం: "మావాడు తట్టుకుంటాడు. కెపాసిటీ ఉంది."

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. మనిషి మెదడు ఇరవైల నడిమిదాకా ఎదుగుతూనే ఉంటుంది. అన్నిటికంటే ఆఖరున పక్వమయ్యేది నుదుటి వెనక భాగం. ముందుచూపు, నిగ్రహం, "ఇక చాలు" అనిపించే బుద్ధి అక్కడివే. అంటే బండికి ఇంజను ముందు వచ్చి, బ్రేకులు పదేళ్ళ తర్వాత వస్తాయన్నమాట. దానికి తోడు ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు ఒక విచిత్రాన్ని సూచిస్తున్నాయి. పెద్దవాటితో పోలిస్తే కౌమారంలో ఉన్న ఎలుకలకు మద్యం వల్ల మగత, తూలుడు తక్కువ. జ్ఞాపకశక్తి మీద దెబ్బ మాత్రం ఎక్కువ. మనుషుల్లోనూ అలాగే అయితే, పెద్దవాడిని ఆపే సంకేతాలు కుర్రవాడికి ఆలస్యంగా అందుతాయి. వాడు తూలడం లేదు కాబట్టి ఇంకా తాగుతాడు. మనం దానికి "కెపాసిటీ" అని పేరు పెట్టి భుజం తడతాం. పొగ గంట మోగలేదని మెచ్చుకుంటూ మంటల్లో కూర్చోవడం ఇది.

అమెరికాలో 1990లలో జరిగిన ఒక పెద్ద సర్వేలో పదిహేనేళ్ళ లోపే మొదలుపెట్టినవారిలో సుమారు 40 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారని తేలింది. ఇరవై దాటాక మొదలుపెట్టినవారిలో అది దాదాపు 10 శాతం. తొందరగా మొదలుపెట్టడమే కారణమా, లేక తొందరపెట్టిన ఇంటి పరిస్థితులూ కారణమా అని శాస్త్రవేత్తలు వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి. ఏది నిజమైనా మేనమామకు నిర్దోషిత్వం దొరకదు. మొదటిదైతే గ్లాసు నాది, రెండోదైతే ఇల్లు నాది.

ఐదో వాదం: "ప్రభుత్వమే అమ్ముతుంటే మనమేం చేస్తాం?"

ఇందులో నిజం లేకపోలేదు. 2023లో తెలంగాణలో 2,620 దుకాణాల కోసం లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుకు రెండు లక్షలు, తిరిగి ఇవ్వరు. సీసా మూత తెరవకముందే ఖజానాకు రెండున్నర వేల కోట్లు దాటి చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగి వచ్చినప్పుడు 99 రూపాయలకే క్వార్టరు అన్నది ఒక వాగ్దానంగా వచ్చింది. ఇంజనీరింగు విద్యార్థి చేతిఖర్చుకు అందే ధర అది. ఈ ప్రభుత్వమా, ఆ ప్రభుత్వమా అన్న పేచీ నాకు లేదు. అందరూ అందరే.

కానీ చరిత్ర ఇంకొకటి చెబుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించింది ప్రభుత్వం కాదు, ప్రతిపక్షమూ కాదు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు. రోశమ్మ వంటి కూలి స్త్రీలు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలిపోయింది. ఎందుకు సడలిందో ఆర్థికవేత్తలు పెద్ద పెద్ద కారణాలు చెబుతారు. నాకు తెలిసిన చిన్న కారణం ఒకటుంది: ఆ ఉద్యమంలో మగవాళ్ళం ఎన్నడూ లేము. ఆడవాళ్ళు పొలిమేరలో సారా ప్యాకెట్లు తగలబెడుతుంటే మనం పక్క రాష్ట్రపు సరిహద్దు ఎంతదూరమో లెక్కవేసుకున్నాం. ఇప్పుడు వాళ్ళు అడ్డుకుందామన్నా పొలిమేరకు వెళ్ళే పని లేదు. సరుకు వాళ్ళ వంటింటి ఫ్రిజ్‌లోనే, పెరుగు గిన్నె పక్కనే ఉంది. ఈసారి ఉద్యమం చేయవలసింది డాబా మీద ఉన్నవాళ్ళు.

* * *

నేను సంపూర్ణ నిషేధం కోరడం లేదు. ఎవరినీ మానేయమని శాసించే అర్హతా నాకు లేదు. పెద్దవాళ్ళు తమ కాలేయంతో ఏం చేసుకుంటారో వాళ్ళ ఇష్టం. ఎంత తక్కువైనా సురక్షితం అనదగ్గ మోతాదు లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, విన్నవాళ్ళు వింటారు. నా విన్నపమల్లా పిల్లల వరకే. నాలుగే నాలుగు మాటలు.

ఒకటి, పిల్లల చేత ఏదీ మోయించకండి. ఐసు కావాలంటే లేచి తెచ్చుకోండి. లేవలేని స్థితిలో ఉంటే ఐసు అక్కర్లేదని అర్థం.

రెండు, ఎవరైనా పిల్లవాడికి పోయబోతే నవ్వకండి. ఆ రాత్రి డాబా మీద తొమ్మిదిమందిమి ఉన్నాం. ఒక్కరు "వద్దులే" అని ఉంటే నా చెయ్యి ఆగేది. నేను అంత పట్టుదల గల మనిషిని కాను. తొమ్మిదిమంది నవ్వే నన్ను ముందుకు నెట్టింది, వాడి చేత తాగించిందీ ఆ నవ్వే.

మూడు, పిల్లలకు ఈ సంగతులు చెప్పండి. ఇది తాగుడు నేర్పడం కాదు, ప్రాణం కాపాడటం. తాగి పడిపోయినవాడు "నిద్రపోతే దిగిపోతుంది" అన్నది అబద్ధం. తాగడం ఆపేశాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. వెల్లకిలా పడుకోబెట్టకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఒంటరిగా వదలకూడదు. కాఫీ, నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ళ స్నానం ఇవేవీ మత్తును త్వరగా దించవు. స్పృహ లేనివాడి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఏమీ తినకుండా తాగిన పిల్లల్లో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. పిలిస్తే పలకకపోయినా, ఊపిరి మందగించినా, ఒళ్ళు చల్లబడి పెదవులు నీలం రంగుకు తిరిగినా ఇక ఆలోచించకుండా 108. ఆ ముగ్గురు కుర్రవాళ్ళకు ఈ నాలుగు ముక్కలు తెలిసి ఉంటే మావాడికి వెంటిలేటరు అవసరమయ్యేది కాదేమో. పన్నెండేళ్ళ చదువులో ఎవరూ చెప్పలేదు. మేనమామకు సోడా ఎంత కలపాలో తెలుసు కానీ ఇవి తెలియవు.

నాలుగు, "ఎక్కడున్నా, ఏ స్థితిలో ఉన్నా, అర్ధరాత్రయినా ఫోను చెయ్యి, వచ్చి తీసుకువస్తాను, ఆ రాత్రి ఒక్క మాట అనను" అని పిల్లలకు మాటివ్వండి. మర్నాడు మాట్లాడుకోవచ్చు. హాస్టల్లో ఆ ముగ్గురూ ఎవరికీ ఫోను చేయకపోవడానికి కారణం భయం. వార్డెనుకు తెలిస్తే, ఇంట్లో తెలిస్తే అన్న భయం. ఆ భయాన్ని పెంచింది మనమే. మన డాబాల మీద నవ్వులు, వాళ్ళ గదుల్లో భయం. ఇదేం న్యాయం?

* * *

2025లో మళ్ళీ ఒక పెళ్ళి. మళ్ళీ డాబా. పద్నాలుగేళ్ళ కుర్రవాడొకడు ఐసు ట్రే పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. నేను లేచి ట్రే అందుకుని, "నువ్వు కిందికెళ్ళి భోంచెయ్యి నాన్నా, మళ్ళీ రావద్దు" అన్నాను. వాడు వెళ్ళిపోయాడు. "మామయ్య సన్యాసం పుచ్చుకున్నట్టున్నాడు" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. పదేళ్ళ కిందట విన్న నవ్వే.

మా అల్లుడు కూడా అక్కడే ఉన్నాడు. ఇప్పుడు వాడికి ఇరవై నాలుగు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. వాడి చేతిలో గ్లాసు ఉంది. వాడు నవ్వలేదు. నావైపు ఒక క్షణం చూసి, తల తిప్పుకుని, గ్లాసు పక్కన పెట్టకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఏదైనా అందామని నోటిదాకా వచ్చింది. చట్టప్రకారం వాడికి హక్కుంది. నాకు మాత్రం మాట్లాడే హక్కు 2016లోనే పోయింది. స్టీలు గ్లాసులో సగానికి అమ్ముకున్నాను.

మీలో చాలామందికి ఆ హక్కు ఇంకా మిగిలే ఉంటుంది. వచ్చే పెళ్ళిదాకా జాగ్రత్తగా దాచుకోండి.